పద్నాలుగో గదిలో విరిగిన కుర్చీలు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్క వాక్యంలో చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. "యూనివర్సిటీలో పనిచేస్తున్నాను" అంటే "ఏ సబ్జెక్టండీ?" అనేవారు. "సబ్జెక్టు కాదండీ, గదులు" అనగానే ఎదుటివారి మొహంలో గౌరవం సగానికి సగం తగ్గిపోయేది. మా మావగారైతే చివరిదాకా నన్ను లెక్చరరుగానే బంధువులకు పరిచయం చేశారు. నేనూ ఏనాడూ సరిదిద్దలేదు.

అమలాపురం దగ్గర మా విశ్వవిద్యాలయానికి ఒక పీజీ కేంద్రం ఉండేది. పేరెందుకులెండి, తెలిసినవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. తొంభైల మొదట్లో అక్కడ ఎస్టేట్ సెక్షన్‌లో సూపరింటెండెంటుగా చేరాను. రెండువేలు దాటి చాలా ఏళ్లు గడిచాక దండ వేయించుకుని బయటికి వచ్చాను. ఎస్టేట్ అంటే జమీందారీ అనుకునేరు. ఏ క్లాసు ఏ గదిలో జరగాలి, ఏ మేష్టారికి ఎక్కడ బల్ల వెయ్యాలి, సెమినారు హాలు ఎవరికివ్వాలి, జీపు ఎవరికి పంపాలి, కుళాయి కారితే ఎవరిని తిట్టాలి, ఇవీ మా సెక్షన్ పనులు. ఆఖరి ప్రశ్నకు జవాబు ఎప్పుడూ నేనే. క్యాంపస్‌లో నన్ను గదుల మూర్తి అనేవారు. మొదట్లో వెనకాల అనేవారు, తరవాత ముందరే అనడం మొదలుపెట్టారు.

ఈమధ్య ఆ సెక్షన్‌లో కొత్తగా చేరిన ఇద్దరు పలివెలలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "పని ఎలా నేర్చుకోవాలండీ?" అని అడిగారు. నిబంధనల పుస్తకం వాళ్ల దగ్గర ఉంది. అందులో లేనివి నా తప్పులే కనుక వాటినే ఇక్కడ రాస్తున్నాను.

ఖాళీ గది అనేది ఉండదు

మొదట తెలుసుకోవలసింది ఇది. ప్రతి డిపార్టుమెంటూ తన దగ్గర చోటు చాలడం లేదని, పక్క డిపార్టుమెంటులో గదులు ఊరికే పడివున్నాయని గట్టిగా నమ్ముతుంది. పక్కవాళ్లూ అలాగే నమ్ముతారు. మీరు తాళాల గుత్తి పట్టుకుని వెళ్లి చూస్తే ఒక్క గది కూడా ఖాళీగా ఉండదు. ఏదో ఒకటి అందులో కాపురం ఉంటుంది.

మా దగ్గర ఒక ప్రొఫెసరుగారు ఒక గదిలో కుర్చీకి తన కోటు తగిలించి రెండేళ్లు ఆ గదిని ఏలారు. ఆయన అందులో కూర్చోగా ఎవరూ చూడలేదు. కోనసీమ ఉక్కలో కోటు తొడుక్కునే మనిషినీ నేను చూడలేదు. ఆ కోటు పుట్టిందే గది కాయడానికి. నేనేం చేశానంటారా? దసరాకీ ఉగాదికీ ఆ కోటు దులిపించేవాణ్ణి. ప్రొఫెసరుగారి కోటు కదా, దుమ్ము పడితే బాగోదు. గది ఎందుకు ఇవ్వడం లేదని ఎవరైనా అడిగితే "అందులో ఉన్నారండీ" అనేవాణ్ణి.

దింపు రోజు సెమినారు

నేను చేరినప్పుడు కేంద్రానికి స్పెషల్ ఆఫీసరుగా ఉన్నాయన తెలుగు ప్రొఫెసరు. వెన్నలాంటి మనిషి. మొదటిరోజే నన్ను పిలిచి, "మూర్తిగారూ, అడగవచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపకండి. గది లేకపోతే కనీసం మంచిమాటైనా ఇచ్చి పంపండి" అన్నారు. అసలే మా ప్రాంతం వాళ్లకు కాదనడం రాదు. పైగా పైఅధికారి ఆశీర్వాదం కూడా దొరికింది. ఇక నన్ను పట్టేవాడు లేడు. ఎవరు ఏమడిగినా "ఆయ్, అలాగేనండి" అనడమే.

మా ప్రాంగణంలో కొబ్బరిచెట్లు చాలా ఉండేవి. రెండు నెలలకోసారి దింపు, అంటే చెట్లెక్కి కాయలు దించడం. ఒక వానాకాలం దింపు మేస్త్రీ వచ్చి, "కాయలు తడిసిపోతన్నాయండి బాబూ, ఆ పెద్ద హాల్లో ఓ రెండ్రోజులు పోసుకుంటామండి" అన్నాడు. ఆయ్ అన్నాను. అదే సాయంత్రం చరిత్ర డిపార్టుమెంటు హెడ్డుగారు వచ్చి ఎల్లుండి సెమినారుకు హాలు కావాలన్నారు. ఆయ్ అన్నాను. రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ రెండూ ఒకే హాలు గురించని నాకు సెమినారు పొద్దున తలుపు తీసినప్పుడు తెలిసింది.

కిటికీ దాకా కాయలు. వేదిక మీద కూడా కాయలే. విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్దాయన గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, చాలా మర్యాదగా, "వచ్చినవాళ్లందరికీ ఇస్తారా అండీ?" అని అడిగారు.

నా నోట అలవాటైన మాటే వచ్చింది. "ఆయ్, ఇస్తామండీ."

దాంతో కాయలు ఓ పక్కకు నెట్టి, ఉన్న జాగాలో కుర్చీలు వేసి సెమినారు నడిపించాం. వెళ్లేటప్పుడు ప్రతి ప్రతినిధికీ తలా ఒక కాయ చేతిలో పెట్టాం. మంచి సంప్రదాయమని స్పెషల్ ఆఫీసరుగారు మెచ్చుకున్నారు. ఆ ఏడాది నుంచి ప్రతి డిపార్టుమెంటూ హాలు, మైకు, మంచినీళ్లతో పాటు కొబ్బరికాయలు కూడా రాసి అర్జీ పెట్టేది.

నవ్వులాటగానే ఉంటుంది గానీ ఆ సాయంత్రం హాలుకు తాళం వేస్తూ, ఇకమీదట నోటిమాట మీద ఏదీ ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అక్కడితో ఆగివుంటే బాగుండేది.

చీటీల కాలం

తెలుగు ప్రొఫెసరుగారు రిటైరయ్యాక ఫిజిక్సు ప్రొఫెసరుగారు స్పెషల్ ఆఫీసరుగా వచ్చారు. ఈయన మాట తక్కువ మనిషి. "కాగితం లేనిదే ఏదీ కదలకూడదు" అన్నారు. ఆ ఒక్క వాక్యంతో నాకు ప్రాణం లేచివచ్చింది. చీటీల పద్ధతి పెట్టాను. కుర్చీ కావాలంటే చీటీ. కుర్చీ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే చీటీ. ప్రతి చీటీకి నంబరు, నంబరుకు రిజిస్టరు, రిజిస్టరుకు అట్ట. మా వడ్రంగి వీర్రాజుకైతే చీటీ లేనిదే మేకు కూడా కొట్టొద్దని గట్టిగా చెప్పాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ పూజారిని నేనే. పైగా మహా నిష్ఠ గల పూజారిని.

నా నిష్ఠకు పరాకాష్ఠ పద్నాలుగో నంబరు గది. కింది అంతస్తులో, కెమిస్ట్రీ లాబ్‌కు నాలుగు అడుగుల దూరంలో, తూర్పు కిటికీలతో, వెనకాల సొంత స్నానాలగదితో క్యాంపస్ మొత్తం మీద అంత మంచి గది ఇంకోటి లేదు. దాన్ని విరిగిన కుర్చీలకు ఇచ్చాం.

నేను చేరేసరికే అవి అక్కడున్నాయి. ప్రభుత్వ కుర్చీ కాలు విరిగినంత మాత్రాన చచ్చినట్టు కాదు. ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుని, చూసి, ఇది పనికిరాదని సంతకాలు పెడితేనే చచ్చినట్టు. అందాకా దాన్ని పారెయ్యకూడదు, వానలో పెట్టకూడదు, పోగొట్టకూడదు. మా కమిటీలో ఒకరికి బదిలీ అయ్యేది, ఇంకొకరు సెలవు పెట్టేవారు, మూడో ఆయన మిగతా ఇద్దరూ పెడితే పెడతాననేవారు. కుర్చీలు మాత్రం ఏటేటా చేరేవి. నేను ప్రతి మార్చిలోనూ ముక్కుకు తువ్వాలు కట్టుకుని లోపలికి వెళ్లి వాటిని తనిఖీ చేసేవాణ్ణి. మూడు కాళ్లవి ఎన్ని, రెండు కాళ్లవి ఎన్ని, వీపు లేనివి ఎన్ని అని. నా హయాంలో ఒక్క విరిగిన కుర్చీ కూడా పోలేదని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

ఎస్తేరు రాణి మేడం

ఎస్తేరు రాణి మేడం కెమిస్ట్రీ లెక్చరరు. రాజోలు వైపు మనిషి. తాతగారి నుంచీ టీచర్ల కుటుంబం. గొంతు పెంచడం ఎరగరు, చెప్పదలుచుకున్నది మాత్రం మానరు. చేరిన నెలలోనే ఆవిడ దగ్గర నుంచి నాకో చీటీ వచ్చింది. విద్యార్థినులకు మరుగుదొడ్డితో ఒక గది కావాలని.

అప్పటికి ఆడవాళ్లకు ఉన్న సౌకర్యం ఒక్కటే. ఆఫీసు మేడ మీద, లేడీ స్టాఫుకు, తాళం వేసి ఉండేది. మగపిల్లలకు ఒక షెడ్డుండేది, అది కాకపోతే కాలవగట్టు ఉండనే ఉంది. ఆడపిల్లల సంగతేమిటని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ చీటీ మీద "స్థలం లేదు" అని రాసి పంపేశాను. తరవాతి టర్ములో ఇంకో చీటీ వచ్చింది. "పరిశీలనలో ఉంది" అని రాశాను. మూడోది వచ్చినప్పుడు "ముందరి చీటీ చూడుడు" అని రాశాను.

నాలుగోసారి చీటీ రాలేదు, ఆవిడే వచ్చారు.

"మూర్తిగారూ, పద్నాలుగో గదిలో ఏముందండీ?"

"విరిగిన కుర్చీలండి మేడం."

"వెనకాల సెప్టిక్ ట్యాంకు కట్టి ఉందండి. కుర్చీలకి సెప్టిక్ ట్యాంకెందుకండీ?"

ఆవిడ అప్పటికే భవనం కట్టిననాటి ప్లాను సంపాదించి చూశారు. అందులో పద్నాలుగో గది మీద ఆడవారి విశ్రాంతి గది అని ఉంది. కట్టిందే అందుకు. కట్టాక తాత్కాలికంగా నాలుగు కుర్చీలు పెట్టారు, అంతే.

"నిజమేనండి. కానీ ఆ సామాను తియ్యాలంటే కమిటీ కూర్చోవాలండి."

"ఎందుకు కూర్చోరండీ? కుర్చీలు లేవాండీ?" అని, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

ఆ మాట మా సెక్షన్‌లో చెప్పి నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే తలెత్తబుద్ధి కాదు.

భవాని

ఆ ఏడాది శీతాకాలం, ఒక మధ్యాహ్నం కెమిస్ట్రీ లాబ్ నుంచి జీపు కావాలని కబురొచ్చింది. చీటీ ఉందా అని అడగబోయాను. కబురు తెచ్చిన అటెండరు మొహం చూసి మానేశాను. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె ప్రాక్టికల్స్ చేస్తూ నిలబడ్డచోటే పడిపోయింది. పేరు భవాని. తాటిపాక అవతల ఊరు. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. తండ్రి కువైట్‌లో డ్రైవరు. వాళ్ల వంశంలో డిగ్రీ దాటి చదువుతున్నది ఆ పిల్లొక్కతే. జీపులో ఆస్పత్రికి పంపించాం.

మర్నాడు ఎస్తేరు రాణి మేడం నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మూత్రంలో ఇన్ఫెక్షనండి. కిడ్నీ దాకా వెళ్లిందన్నేరు డాక్టరుగారు. ఆ పిల్ల పొద్దున్న ఏడింటికి ఇంట్లోంచి బయల్దేరి సాయంత్రం ఆరున్నరకి ఇల్లు చేరేదాకా చుక్క నీళ్లు తాగదటండి."

"ఎందుకండీ? మంచినీళ్ల కుండలు ప్రతి వరండాలోనూ పెట్టించాను కదండీ" అన్నాను. అంత తెలివిగలవాణ్ణి నేను.

ఆవిడ నా వైపు చూశారు. కోపం లేదు, ఓపిక అయిపోయింది. "తాగితే ఎక్కడికెళ్తారండీ?" అన్నారు. "ఈ పిల్లొక్కతే కాదండి. మా క్లాసులో ఆడపిల్లలెవరూ తాగరండి. మీ కుండల్లో నీళ్లు మగపిల్లలే తాగుతున్నారు. భవానీని ఇంక పంపరంట. చదువు మాన్పించేస్తున్నారు."

మా అమ్మాయి అప్పుడు కాకినాడలో చదువుకుంటోంది. కాలేజీలో నీకు అన్నీ సౌకర్యంగా ఉన్నాయా అని దాన్ని ఒక్కసారి కూడా అడగలేదని ఆ రోజే తట్టింది. సిగ్గేసింది. ఉద్యోగంలో తిట్లు తిన్నాను, మెమోలు తిన్నాను, కానీ అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

మధ్యాహ్నం భోజనం కూడా చెయ్యకుండా పద్నాలుగో గది తలుపు తీయించాను. కమిటీ సంతకాలు లేవు కనుక కుర్చీలను బయట పారెయ్యలేను. ఎవరి గదిలోనూ పెట్టలేను. నా గదిలో పెట్టాను. గోడల చుట్టూ పైకప్పు దాకా పేర్చగా మిగిలినవి బల్ల చుట్టూ వేశాను. దీన్ని ధైర్యం అనుకోకండి. నిబంధన దాటకుండా తప్పు దిద్దుకోవడానికి నాకు తట్టిన ఒకే ఒక్క మార్గం అది. ఏడాది పాటు నా దగ్గరికి వచ్చినవాళ్లు ఏ కుర్చీ మంచిదో తెలియక నిలబడే మాట్లాడేవారు. దానివల్ల పని త్వరగా తెమిలేది కూడా. చివరికి కమిటీ సభ్యుడొకాయన తెలియక ఒకదాని మీద కూర్చుని వెల్లకిలా పడ్డారు. ఆ వారమే మూడు సంతకాలూ అయ్యాయి.

ఖాళీ రిజిస్టరు

పద్నాలుగో గదికి సున్నం వేయించాను. కుళాయి బిగించాను, బకెట్టూ మగ్గూ పెట్టాను, ఓ అద్దం కూడా తగిలించాను. బయట పచ్చరంగు బోర్డు రాయించాను. తలుపుకు గొళ్లెం, గొళ్లేనికి కొత్త ఇత్తడి తాళం. ఇంత శుభ్రంగా చేసిన గదిని ఎవరంటే వారు పాడుచెయ్యకూడదు కదా. తాళంచెవి నా గదిలో మేకుకు తగిలించి, పక్కన దారంతో పెన్సిలు కట్టిన రిజిస్టరు పెట్టాను. పేరు, తరగతి, పని, తీసుకున్న వేళ, తిరిగి ఇచ్చిన వేళ. లాబ్ తాళాలకూ హాలు తాళానికీ ఉన్న గడులే. కొత్తగా ఏమీ కనిపెట్టలేదు.

మూడు వారాలైనా ఆ రిజిస్టరులో ఒక్క అక్షరం పడలేదు.

మొదట ఆశ్చర్యపోయాను, తరవాత కోపం వచ్చింది. విరిగిన కుర్చీల మధ్య తుమ్ముకుంటూ కూర్చుని ఇంత చేస్తే వీళ్లకు లెక్కే లేదు! పోనీ ఎవరినైనా అడుగుదామా అంటే, నలభై అయిదేళ్ల మగవాణ్ణి, ఆడపిల్లలను ఆపి ఆ గది ఎందుకు వాడరని ఎలా అడుగుతాను? ఎస్తేరు రాణి మేడం పేపర్లు దిద్దే డ్యూటీ మీద ఆ నెలంతా విశాఖపట్నంలో ఉన్నారు.

సరిగ్గా అప్పుడే స్పెషల్ ఆఫీసరుగారు పిలిచారు. కొత్తగా కంప్యూటర్లు వస్తున్నాయి, గది కావాలి. "పద్నాలుగు ఖాళీగానే ఉంది కదా. ఆడపిల్లలకి అవసరం లేదని మీ రిజిస్టరే చెబుతోంది" అన్నారు. కాదనడానికి నా దగ్గర కాగితం లేదు. ఖాళీ రిజిస్టరు కూడా కాగితమే కదా. నోట్ పెట్టాను: "మూడు వారాలుగా ఒక్కరూ వినియోగించుకోలేదు. అవసరం లేదని భావించవచ్చును." కింద సంతకం చేశాను. నా సర్వీసులో వేల నోట్లు రాశాను. ఒక్కటి వెనక్కి తీసుకునే వరమిస్తే ఇదే తీసుకుంటాను.

నో డ్యూస్

నోట్ పెట్టిన మర్నాడు భవాని తల్లితో కలిసి వచ్చింది. సర్టిఫికెట్లు తీసుకుపోవడానికి. చదువు మానేసే విద్యార్థి ప్రతి సెక్షన్‌కీ వెళ్లి తన దగ్గర మాకు చెందినదేమీ లేదని నో డ్యూస్ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. లైబ్రరీ అయింది, లాబ్ అయింది, ఆఖరి సంతకం నాది. ఆ పిల్ల బాగా చిక్కిపోయింది. తల్లి కొంగు భుజం మీదుగా కప్పుకుని, ఏ కుర్చీలో కూర్చోవాలో తెలియక నిలబడింది.

"సంతకం ఒక్కటేనండి బాబూ. మళ్లీ బస్సందుకోవాలండి" అంది తల్లి.

నేను కాగితం తీసుకుని బల్ల మీద పెట్టుకున్నాను. "ఎందుకమ్మా మాన్పించడం? గది తెరిచాం. నీళ్లు, అద్దం, అన్నీ పెట్టించాం."

"ఆళ్ల నాన్న కువైట్ నించి ఫోన్ చేసేరండి. ఒళ్లు పాడుచేసుకునే సదువెందుకు, తీసుకొచ్చెయ్ అన్నేరండి. దీనికి ఏడుపే. ఆయన మాట కాదనలేనండి."

నేను భవాని వైపు తిరిగాను. "నువ్వైనా చెప్పమ్మా. గది సంగతి తెలుసా నీకు?"

"తెలుసండి సార్. మా ఫ్రెండ్స్ చెప్పేరండి."

"మరి మూడు వారాలుగా ఒక్కరూ వాడరేం?"

ఇంతలో ఎకనామిక్స్ విద్యార్థులు ఇద్దరు వచ్చి, హాలు తాళంచెవి తీసుకుని, రిజిస్టరులో టకటకా రాసేసి వెళ్లిపోయారు. మూడో గడిలో "మీటింగు" అని రాశారు. ఆ కుర్రాళ్లు వెళ్లేదాకా భవాని ఆగింది. తరవాత మేకు దగ్గరున్న పద్నాలుగో గది రిజిస్టరు వైపు చూస్తూ, నాకు వినబడీ వినబడకుండా అడిగింది.

"ఆ మూడో గడిలో మేం ఏం రాయాలండీ సార్?"

పని. మూడో గడి పని. పక్కన అటెండర్లు, గుమాస్తాలు, వచ్చేపోయే మగపిల్లలు. మధ్యలో నేను, గదుల మూర్తిని. ఆ రిజిస్టరు మూడు వారాలు కాదు, మూడేళ్లయినా ఖాళీగానే ఉండేది.

మేకు మీంచి తాళంచెవి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాను. "ఏమీ రాయక్కర్లేదమ్మా. వెళ్లిరా." తల్లి నా వైపు ఒకసారి చూసి, కూతురి వెంట నడిచింది. పొద్దుననగా బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చారు మరి.

నేను సంతకం పెట్టాల్సిన ఆ కాగితాన్ని రిజిస్టరులో దోపి, రిజిస్టరు చంకలో పెట్టుకుని వరండాలోకి వచ్చాను. ఆ చివర పద్నాలుగో గది తలుపు వేసి ఉంది. తల్లి దానికి వీపు ఆనించి, రెండు మడమలూ గడపకు తన్నిపెట్టి నిలబడి ఉంది. ఎవరో లోపలికి తోసుకు వస్తున్నట్టు.

"అదేమిటమ్మా, అలా నించున్నారు?" అన్నాను దూరం నుంచే.

"లోపల గడియ లేదండి బాబూ."

నిజమే. లేదు. బయట గొళ్లెం ఉంది, ఇత్తడి తాళం ఉంది, బోర్డు ఉంది. లోపల గడియ పెట్టించాలని తోచలేదు. ఏళ్ల తరబడి ఆ గదిలో ఉన్నవి కుర్చీలు. కుర్చీలు లోపలి నుంచి గడియ వేసుకోవు. ఇన్నేళ్ల ఉద్యోగంలో గదిని మనుషుల నుంచి కాపాడటమే నేర్చుకున్నాను. గదిలో ఉన్న మనిషిని ఎవరి నుంచైనా కాపాడాలనే ఆలోచన నాకు రాలేదు. కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. ఏ గది ఇచ్చినా లోపలికి వెళ్లి తలుపేసుకుని ఒకసారి నిలబడి చూడండి. బయట నిలబడి చూసినంత కాలం మీకు తాళం ఒక్కటే కనబడుతుంది.

వీర్రాజు లైబ్రరీలో బీరువా బాగుచేస్తున్నాడు. పరిగెత్తుకుంటూ వెళ్లి, పద్నాలుగో గదికి లోపల గడియ బిగించాలి, ఇప్పుడే రమ్మన్నాను.

"చీటీ ఉందాండి?"

"లేదు."

"మీరే కదండి, చీటీ లేందే మేకు కూడా కొట్టొద్దన్నేరు."

"అన్నాను. బుద్ధి లేక అన్నాను. పద."

వాడు నన్ను ఎగాదిగా చూసి, నాకేదో అయిందని ఖాయం చేసుకుని, పెట్టె భుజాన వేసుకుని వచ్చాడు. వాడు గడియ బిగిస్తూ ఉండగా నేను స్పెషల్ ఆఫీసరుగారి గదిలోకి వెళ్లాను. నిన్నటి నోట్ వెనక్కి ఇవ్వమన్నాను.

"పెట్టిన నోట్ వెనక్కి తీసుకోవడమేమిటండీ?" అన్నారాయన.

"తప్పు రాశానండి. గది అవసరం లేకపోవడం కాదండి. నేను పెట్టిన పద్ధతికి భయపడి రావడం లేదండి వాళ్లు." మూడో గడి సంగతి చెప్పాను. లోపల గడియ లేదని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకూ ఇద్దరు ఆడపిల్లలే. ఫైలులోంచి నోట్ తీసి నా చేతికిచ్చి, "కంప్యూటర్లు మేడ మీద పెడదాంలెండి" అన్నారు. ఆయన దగ్గర కాగితం లేకుండా పని జరగడం అదే మొదలు, అదే ఆఖరు.

నేను తిరిగి వచ్చేసరికి వీర్రాజు పెట్టె సర్దుకుంటున్నాడు. బయటి ఇత్తడి తాళం కూడా తీయించేశాను. గడియ పడుతుందో లేదో చూడటానికి భవాని మళ్లీ లోపలికి వెళ్లి తలుపు వేసింది. తల్లి అలవాటుగా వీపు ఆనించబోయింది. లోపలి నుంచి గడియ పడిన చప్పుడు వినబడింది. ఆవిడ గొళ్లెం పట్టుకుని తలుపును ఒకసారి లాగి చూసింది. కదల్లేదు. ఇంకోసారి గట్టిగా లాగింది. అప్పుడు తలుపు వదిలేసి, వరండా గట్టు మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

తరవాత నా వైపు తిరిగి చెయ్యి చాపింది.

"ఆ కాగితం మీద సంతకం పెట్టేసేరాండి?"

"లేదమ్మా, ఇంకా పెట్టలేదు."

"అయితే ఇటిచ్చేయండి బాబూ. ఆళ్ల నాన్నకి నేను చెప్పుకుంటాను. పిల్ల రేప్పొద్దున్నే మళ్లీ బస్సెక్కాలి."